మర్యాద నేర్చిన గాజు

హెప్సిబా గారి కుడిచేతి చివరి రెండు వేళ్లూ ఆవిడ మాట వినడం మానేసి రెండేళ్లు దాటింది. మామూలు పనులకు వాటికే జబ్బూ లేదు. చపాతీ పిండి కలుపుతాయి, జడ అల్లుతాయి, కొత్తిమీర బేరం దగ్గర గాలిలో తెగ ఆడతాయి. పియానో మెట్ల మీద చెయ్యి పెట్టగానే మాత్రం చలికి ముడుచుకున్న పిల్లికూనల్లా అరచేతిలోకి దూరిపోతాయి. ముప్ఫై ఏళ్లు విశాఖపట్నంలో, బయటా పియానో కచేరీలు చేసిన మనిషికి అంతకన్నా అవమానం ఇంకేముంటుంది?

చూపించని డాక్టరు లేడు. నరాలు బాగున్నాయన్నారు, ఎముకలు బాగున్నాయన్నారు. చివరికి ఒకాయన అసలు సంగతి చెప్పాడు. ఏళ్ల తరబడి ఒకే సూక్ష్మమైన పని చేసి చేసి, మెదడులో ఆ రెండు వేళ్లకూ మధ్య ఉన్న సరిహద్దు చెరిగిపోయిందట. ఒక వేలికి పంపిన కబురు రెంటికీ చేరుతోందట.

"అంటే పోస్టుమాన్ బాగానే ఉన్నాడు, ఇళ్ల నంబర్లే చెరిగిపోయాయి," అన్నారు ఆవిడ భర్త ఆనందపాల్ గారు. వృక్షశాస్త్రం లెక్చరరుగా రిటైరయిన ఆయనకు పోలిక చెబితేగాని ఏ సంగతీ గొంతు దిగదు.

కూతురు దీవెన నవ్వలేదు. ఆమె పని చేసేది రుషికొండ మీద ఒక ప్రయోగశాలలో. పక్షవాతం వచ్చి టీ గ్లాసు పట్టుకోలేనివాళ్ల కోసం అక్కడ చేతి పట్టీ ఒకటి తయారుచేస్తున్నారు. ఇళ్ల నంబర్లు చెరిగితే దారిలోనే నిలబడి "అటు కాదు, ఇటు" అని చెప్పేవాణ్ని పెట్టొచ్చు కదా అని ఆమెకు తోచింది. ఏడాది తిప్పలు పడి తల్లి చేతికని పట్టీని సన్నగా మలిచింది. ప్రయోగశాలలో దానికో బారెడు పేరుంది. ఇంట్లో అందరూ గాజు అనేవారు. గలగలలు పియానోకి పడవని ఏనాడూ చేతికి గాజు తొడుక్కోని హెప్సిబా గారు యాభై ఎనిమిదో ఏట తొలిసారి తొడుక్కున్నారు.

గాజు పని చూడ్డానికి తేలిక. మెదడు నుంచి వేలికి బయల్దేరిన కబురును ముంజేతి దగ్గరే వింటుంది. అది తప్పు గుమ్మానికి పోయేలోగా చిన్న చిన్న విద్యుత్తు తట్టులతో సరైన వేలికి మళ్లిస్తుంది. తట్టు ఇచ్చినప్పుడల్లా పక్కన ఆవగింజంత ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. ఆరు నెలలు అలా నడిపిస్తే గాజు నేర్చిన దారి చేతికీ అలవాటై, ఆ తర్వాత గాజు తీసేసినా వేళ్లు నిలబడాలి. నిలబడతాయని ఆశ.

అయితే ఏది సరైన క్షణమో గాజుకు చెప్పేదెవరు? అక్కడ దీవెన బాగా ఆలోచించాననుకుంది. తల్లి ఒంటరిగా వాయించే మనిషి కాదు. నలుగురు తీగవాద్యాల వాళ్లతో కూర్చుని వాయిస్తుంది. అందుకని గాజుకు చిన్న చెవి అమర్చి ఒకే ఒక పాఠం పెట్టింది: అయిదు వాద్యాలూ ఒకే క్షణాన కలిసి పడితే ఒప్పు, విడిపోతే తప్పు. మిగతాది అదే నేర్చుకుంటుంది.

ఆ నలుగురి గురించీ చెప్పాలి. మొదటి వయొలిన్ విశాలాక్షి గారిది. విజయనగరం ఆడపడుచు, నోటికి పదును ఎక్కువ. రెండో వయొలిన్ ఆవిడ తమ్ముడు నరహరి. మాట్లాడ్డం తక్కువ, పాటలు రాయడం ఎక్కువ. వయొలిన్‌కి అక్కలా ఉండే వయోలా రెహానాది. నేల మీద ఆనించి వాయించే పెద్ద తీగవాద్యం సెల్లో పైడిరాజుది, నౌకాదళం బ్యాండులో వాయించి రిటైరయ్యాడు. ఈ సంగీతంలో ముందు నిలబడి కర్ర ఊపేవాళ్లెవరూ ఉండరు. విశాలాక్షి గారు ముక్కుతో ఒక్కసారి గాలి పీలుస్తారు. ఆ పీల్చడంలోనే పాట వేగం ఉంటుంది. అయిదుగురూ ఆ ఊపిరి మీదే బయల్దేరతారు. పక్కన స్టూలు మీద కూర్చుని తల్లి తల ఊపినప్పుడు పేజీ తిప్పడం దీవెన పని. చిన్నప్పట్నుంచీ ఆమెకు సంగీతంలో వచ్చింది అదొక్కటే.

గాజు తొడిగిన నెలకు ఒక శనివారం పొద్దున చిటికెన వేలు లేచింది, తన మెట్టు మీద దిగింది, మళ్లీ లేచింది. హెప్సిబా గారు తప్పిపోయి ఇంటికొచ్చిన పిల్లాణ్ని చూసినట్టు దాన్నే చూస్తూ ఉండిపోయారు. ఆనందపాల్ గారు వంటింట్లోకి వెళ్లి అవసరం లేకపోయినా కుళాయి తిప్పారు. ఆ వారమే నలుగురికీ కబురు వెళ్లింది. రెండేళ్లుగా మూతపడ్డ వాల్తేరు ఇంటి ముందుగది మళ్లీ తెరుచుకుంది. నరహరి ఎప్పుడో ఈ అయిదుగురి కోసమే రాయగా ఏళ్ల తరబడి వాయించిన పాటను మళ్లీ బయటికి తీశారు. సముద్రం ఒడ్డు హాల్లో కచేరీకి తేదీ కూడా పెట్టుకున్నారు.

అప్పుడు మొదలైంది ఇడ్లీల గొడవ.

ఆనందపాల్ గారికి గడియారం పెట్టుకునే అలవాటు లేదు. శనివారం సాధన జరుగుతుంటే ఆయన గడియారం నరహరి పాటే. దాంట్లో మూడో భాగం పేరు 'తీరం', నింపాదిగా సాగుతుంది. అది మొదలవగానే ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెడతారు. ముగిసి నాలుగో భాగం 'పరుగు' అందుకునేసరికి దించుతారు. భార్య చెయ్యి బాగున్న రోజుల్లో ఏళ్ల తరబడి అలాగే పెట్టారు, అలాగే దించారు. దూదిలాంటి ఇడ్లీలు.

ఇప్పుడవి గట్టిపడ్డాయి. మొదటి వారం కొంచెం, రెండో వారం ఇంకొంచెం. ఆయన పప్పు మార్చారు. రవ్వ మార్చారు. మార్కెట్లో పప్పుల కొట్టువాడితో పోట్లాడి వచ్చారు. గ్రైండరు రాళ్లకు గాట్లు పెట్టించారు. నాలుగో నెల వచ్చేసరికి పైడిరాజు ఒక ఇడ్లీని వేలితో తట్టి చూశాడు.

"సార్, ఇదొకటి నాకు కట్టీసి ఇయ్యండి. వాయించినప్పుడు సెల్లో జారిపోతంది. దీన్ని కింద ఎట్టుకుంటాను."

అందరూ నవ్వారు. హెప్సిబా గారు కూడా. ఆనందపాల్ గారు మాత్రం మొహం మాడ్చుకుని రెండు ఇడ్లీలు ఒంటరిగా నమిలారు. మరుసటి రోజు అదే పిండితో దీవెన ఫోనులో టైము చూసి ఇడ్లీ పెట్టింది. మెత్తగా వచ్చింది.

"పిండి మంచిదే నాన్నా."

"మరి నా చేతిలో ఏముందంటావ్, విషమా?"

దీవెన ఇంకో ఇడ్లీ చిదిమి చూసింది. పిండి మంచిదైతే, పొయ్యి మంచిదైతే, మారింది గడియారమే కదా.

ప్రయోగశాలలో కూర్చుని జబ్బు రాకముందు ఎప్పుడో ఫోనులో పట్టుకున్న పాత సాధననీ, మొన్నటి సాధననీ పక్కపక్కన పెట్టి వింది. 'తీరం' రెండూ ఒకేసారి మొదలయ్యాయి. పాతది ముగిసి 'పరుగు'లో పడి చాలాదూరం పోయాక కూడా కొత్తది ఇంకా తీరం మీదే తచ్చాడుతోంది. ఇక 'పరుగు' పరుగే కాదు. పెళ్లి ఊరేగింపులో వియ్యపురాళ్ల నడక.

గాజు గుర్తుంచుకున్నదంతా తిరగేసింది. అంతా అందులోనే ఉంది. కష్టమైన చోటు వచ్చినప్పుడు గాజు ఒక్క వెంట్రుకంత ఆగింది. ఆగితే తప్పు పడాలి. పడలేదు. ఎందుకంటే నలుగురూ కూడా వెంట్రుకంత ఆగారు. అయిదూ కలిసి పడ్డాయి. ఒప్పు. మర్నాడు గాజు రెండు వెంట్రుకలు ఆగింది. వాళ్లూ ఆగారు. మీరు ముందు కానివ్వండంటే మీరు కానివ్వండని మొహమాటస్థులంతా విస్తళ్ల ముందు చేతులు కట్టుకుంటే అన్నం చల్లారిపోయినట్టు, నాలుగు నెలల్లో పాట చల్లారిపోయింది. అందరూ కలిసే ఆగుతున్నారు గనక ఎవరికీ తెలియలేదు.

"గాజుకు మర్యాద నేర్పావు, పొగరు నేర్పడం మర్చిపోయావు," అన్నారు ప్రయోగశాల పెద్ద భుజంగరావు గారు. ఆయన మాటలు అలాగే ఉంటాయి గానీ మనిషి మంచివాడు. "చూడు దీవెనా. ఇంకో నెలన్నరలో చెయ్యి ఈ పద్ధతికే గట్టిపడిపోతుంది. గాజు నేర్చుకున్నదంతా ఇప్పుడు చెరిపేస్తే వేళ్లు మొదటికి రావు, అంతకన్నా వెనక్కి పోతాయి. మళ్లీ లేస్తాయన్న నమ్మకం నాకు లేదు. ఊరుకుంటే మీ అమ్మ జీవితాంతం వాయిస్తుంది, ఇలాగే. సభలో ఎవరూ కనిపెట్టరు."

"అమ్మ కనిపెడుతుంది సార్."

"చెప్పావా?"

"చెబుతాను. కొంచెం ఆగి."

ఆయన కళ్లజోడు తీసి ఆమె వంక చూశారు. "శ్రీకాకుళం ఆస్పత్రి వాళ్లు మళ్లీ ఫోన్ చేశారు. అక్కడ పట్టీల కోసం మంచాల్లో ఎదురుచూస్తున్నారు. నువ్వు వెళ్లి ఏడాది ఉంటేగాని మొదలుపెట్టలేరు. దానికేం చెప్పమంటావ్?"

"అమ్మ కచేరీ అయ్యాక సార్."

"నువ్వు కూడా గాజు తొడుక్కున్నావా ఏంటి?" అన్నారాయన.

దీవెన తల్లికి చెప్పలేదు. చెబితే మంచాన పడుతుందనుకుంది. చెప్పకుండా సరిచేస్తే సరిపోతుంది కదా అనుకుంది. పెద్ద చదువులు చదివినవాళ్లకు పుట్టే తెలివితక్కువ ఆలోచనలన్నీ ఇలాగే మొదలవుతాయి. గాజులో ఒక అంకె మార్చింది. ఇక నుంచి తల్లి మనసు కన్నా రవ్వంత ముందే అది వేలిని తోస్తుంది.

ఆ శనివారం విశాలాక్షి గారు ఊపిరి పీల్చారు. అయిదుగురూ బయల్దేరారు. 'తీరం' రెండో పేజీ మధ్యలో హెప్సిబా గారి కుడిచెయ్యి ఉన్నట్టుండి ముందుకు ఉరికింది. స్వరాలు ఒక్కటీ తప్పలేదు. ముత్యాల్లా పడ్డాయి. కానీ ఆవిడ కాలుతున్న పెనం మీంచి తీసినట్టు చెయ్యి పైకి లాగేసుకుని ఒళ్లో పెట్టుకుని, రెండో చేత్తో దాన్ని గట్టిగా పట్టుకున్నారు.

"ఇది నేను కాదు."

తీగలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆవిడ మెల్లగా కూతురి వైపు తిరిగారు.

"ఏం చేశావే?"

దీవెన చెప్పింది. అంకె సంగతీ చెప్పింది.

"రెండేళ్లు ఈ వేళ్లు నా మాట వినలేదు," అన్నారు హెప్సిబా గారు. "ఎన్ని రాత్రులు ఏడ్చానో మీ నాన్నకు తెలుసు. అప్పుడు కూడా ఇవి నావే అనుకున్నాను. మొండి పిల్లలు, కానీ నా పిల్లలు. ఇవాళ మొదటిసారి పరాయి చెయ్యిని ఒళ్లో పెట్టుకున్నట్టుంది. నన్నడగకుండా నా చేతిని తోస్తావా?"

"అడిగితే బాధపడతావని అమ్మా."

"బాధపడితే ఏం? బాధపడటం నాకు చేతకాదా?"

వంటింట్లో ఇడ్లీ పాత్ర మూత ఆవిరికి టకటకలాడుతోంది. దీవెనకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడిస్తే తల్లి ఓదార్చాల్సి వస్తుందని ఆపుకుని, అక్కడే అందరి ముందే గాజులో అంకెను మళ్లీ సున్నాకు తిప్పింది. ఆ తర్వాత ఇడ్లీల దగ్గర్నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పింది. గాజు ఆగడం, నలుగురూ ఆగడం, చెయ్యి ఆ ఆగడాన్నే నేర్చుకోవడం.

"ఏమిటీ, మేమాగుతున్నామా?" అన్నారు విశాలాక్షి గారు కస్సుమంటూ. అని వయొలిన్ ఒళ్లోకి దించుకున్నారు. "సరే. నేను ఆగుతున్నాను. ఆ మూడో వరుసలో హెప్సిబా చెయ్యి ఇబ్బంది పడుతుందని కాస్త చూసుకుని వెళ్తున్నాను. నేనొక్కదాన్నే కదా, ఏమవుతుందనుకున్నాను."

"నేనొక్కదాన్నే అనుకున్నాను," అంది రెహానా.

"నానూ అంతే మేడమ్," అన్నాడు పైడిరాజు, నేల చూస్తూ. "తమరు వొచ్చీదాకా ఆ ఒక్క స్వరం లాగుతూ ఉండిపోతన్నాను."

నరహరి గొంతు సవరించుకున్నాడు. నెలకు ఒక్కసారి అతను గొంతు సవరించుకుంటే అందరూ వింటారు. "చిటికెన వేలికి పడే స్వరాలు కొన్ని నా వయొలిన్‌లోకి లాగేసుకున్నాను. కాగితం మీద కొట్టేయలేదు, ఆవిడకి కనబడుతుందని."

తిలా పాపం తలా పిడికెడు. ఇంకెవరైనా మిగిలారా అన్నట్టు అందరూ వంటింటి గుమ్మంలో గరిటెతో నిలబడ్డ ఆనందపాల్ గారిని చూశారు.

"నేనేం చేశాను? నేను వేగంగానే ఉన్నాను. ఇడ్లీలే ఆలస్యం."

హెప్సిబా గారికి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. "నా పిడికెడు కూడా వేసుకోండి. నేనెక్కడ తడబడతానోనని మీరు భయపడతారేమో అని, మీ కోసం నేనూ ఆగుతున్నాను."

ఆవిడ పియానో మూత మీద అరచెయ్యి ఆనించారు.

"ఇక నుంచి ఎవరూ ఆగొద్దు. నేను పడిపోతే పడిపోనివ్వండి. పాట వెళ్లిపోవాలి. పరిగెత్తి పట్టుకుంటాను, పట్టుకోలేకపోతే లేదు. దీవెనా, అలాగైతే గాజు నేర్చుకుంటుందా?"

"నేర్చుకోవచ్చు. కలిసి పడటమే దానికి ఒప్పు. వీళ్లు ఆగకపోతే పరిగెత్తడం తప్ప దానికి వేరే దారి లేదు." దీవెన ఈసారి దాచలేదు. "కానీ నువ్వు రోజూ వెనకబడి, బెదిరిపోతే వేళ్లు మళ్లీ ముడుచుకుంటాయి. అప్పుడు నేనూ ఏం చేయలేను."

"ఆగి ఆగి నిలబడ్డ వేళ్లకన్నా పరిగెత్తి ముడుచుకున్న వేళ్లు నయం."

"నావల్ల కాదు," అన్నారు విశాలాక్షి గారు. "ఇన్నేళ్ల స్నేహం. నువ్వక్కడ తడబడుతుంటే నిన్ను నడిరోడ్డు మీద వదిలేసి నా వయొలిన్ నేను వాయించుకుంటూ పోవాలా?"

"సింహాచలం గిరి ప్రదక్షిణకి మా అమ్మతో ఎల్లీవోణ్ని," అన్నాడు పైడిరాజు. "ఆవిడకి మోకాళ్లు. నాను ఆగితే తిట్టీది. నువ్వు ఆగితే నానూ కూకుండిపోతానురా, నువ్వు నడిస్తే నీ ఈపు సూస్కుని నడుస్తాను అనీది. కొండ సుట్టూ తిరిగీసింది మేడమ్, ఎనభయ్యో ఏట."

విశాలాక్షి గారు వయొలిన్ ఎత్తి భుజాన పెట్టుకున్నారు. "మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఉంది. ఇంట్లో లెక్చరరు గారున్నారు గనక చెప్పను. కానివ్వండి."

మాట అనడం తేలిక. కచేరీ దాకా రోజూ పొద్దున్నే సాధన అనుకున్నారు. మొదటి రోజు మూడో వరుసలోనే హెప్సిబా గారు వెనకబడ్డారు. నలుగురూ ఆగలేదు. వాళ్ల మొహాలు చూస్తే ఎవరినో మోసం చేసి పారిపోతున్నట్టున్నాయి. పాట ముగిసేదాకా ఆవిడ చేతులు మెట్ల మీద ఊరికే ఉన్నాయి. ముగిశాక "మళ్లీ" అన్నారు. రెండో రోజు విశాలాక్షి గారు తన కుర్చీని కిటికీ వైపు తిప్పుకున్నారు. స్నేహితురాలి మొహం కనబడితే చెయ్యి దానంతటదే ఆగుతోందట. ఆవిడ చెంపల మీంచి జారిన నీళ్లు వయొలిన్ మీద పడుతుంటే కూడా వేగం తగ్గించలేదు.

రెండో వారం వేళ్లు ముడుచుకున్నాయి. రెండూ, పూర్తిగా, పాతరోజుల్లోలాగే. హెప్సిబా గారు లేచి వరండాలోకి వెళ్లిపోయారు. దీవెన వెనకే లేవబోయింది. ఆనందపాల్ గారు ఆమె భుజం పట్టుకుని కూర్చోబెట్టారు.

"ఆగమంది కదా," అంది దీవెన, ఏం మాట్లాడుతోందో తెలియక.

"ఆగొద్దంది. అదే నీకు ఇప్పుడు కష్టంగా ఉంది. కూర్చో."

నలుగురూ ఆవిడ లేకుండానే మొదటి నుంచి వాయించారు. మధ్యలో ఆవిడ మొహం కడుక్కుని వచ్చి, కొంగుతో తుడుచుకుని, పియానో ముందు కూర్చుని, వెళ్తున్న బండిలోకి ఎక్కినట్టు ఎక్కడో ఒకచోట అందుకున్నారు. ఆకుపచ్చ దీపం చిటపటా వెలిగింది. ఒక వేలు లేచింది. ఇంకొకటి లేవలేదు. ఆ పూటకు అదే చాలనుకున్నారు.

మూడో వారంలో ఒకరోజు 'పరుగు' చివరి వరుసలో హెప్సిబా గారు వాళ్లను పట్టుకున్నారు. ఆ సంతోషంలో పైడిరాజు తన స్వరం తనే తప్పాడు. "నాను పడిపోనాను, తమరు ఎలిపోండి," అన్నాడు వాయిస్తూనే. ఆ రోజు ఇడ్లీలు ఫరవాలేదు.

కచేరీ సాయంత్రం హాలు సగం నిండింది. మన ఊళ్లో ఈ సంగీతానికి సగమంటే నిండినట్టే. ఆనందపాల్ గారు ముందు వరుసలో కూర్చున్నారు. చేతిలో గరిటె లేదు గనక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చొక్కా గుండీలు సర్దుకుంటున్నారు. దీవెన తన స్టూలు మీద కూర్చుంది. విశాలాక్షి గారు ముక్కుతో గాలి పీల్చారు. రెండేళ్ల కిందటి పీల్పు అది. జాలి లేని పీల్పు.

మొదటి రెండు భాగాలూ బాగా నడిచాయి. 'తీరం'లో ఒకచోట చిటికెన వేలు మొండికేసింది. హెప్సిబా గారు ఆ స్వరాన్ని పక్కవేలికి అప్పజెప్పి ముందుకు సాగిపోయారు. ఎవరూ ఆగలేదు. గాజు దీపం మినుకు మినుకుమంటూనే ఉంది.

'పరుగు' మొదలైంది. మొదటి పేజీ, రెండో పేజీ. తల్లి తల ఊపినప్పుడల్లా దీవెన పేజీ తిప్పుతోంది. చివరి పేజీకి ముందు పేజీలో ఆమె కళ్లు గాజు మీదికి పోయాయి. దీపం ఆరిపోయి ఉంది.

బ్యాటరీ పోయింది. పొద్దున తనే చార్జింగు పెట్టింది. పెట్టిందా? పెట్టిందనే గుర్తు. ఇప్పుడు వేళ్లు ముడుచుకుంటే, ఇంతమంది ముందు, ఈ చోట. తల్లి చెవిలో చెప్పాలా? చెబితే బెదిరిపోతుంది. చెప్పకపోతే? దీవెన పేజీ అంచు పట్టుకుని తల్లి తల కోసం చూస్తూ ఉండిపోయింది. తల కదల్లేదు. ఇంకా కదల్లేదు. అప్పుడు ఆమెకు వినబడింది: తల్లి ఈ పేజీలో లేదు. ఎప్పుడో దాటిపోయింది. ఎవరి తిప్పడం కోసమూ చూడకుండా చివరి పేజీ మధ్యలో ఉంది.

దీవెన గబగబా పేజీ తిప్పింది. తిప్పి లాభం లేదు. హెప్సిబా గారు కాగితం చూడ్డం లేదు. ఆవిడ పెదవుల మీద కొంటెనవ్వు ఉంది. విశాలాక్షి గారు ఒక కనుబొమ్మ ఎగరేసి, వంగి, వెంటపడ్డారు. నరహరి, రెహానా ఆవిడ వెంట. సెల్లో వెనక నుంచి పైడిరాజు సన్నగా గొణగడం దీవెనకు ఒక్కదానికే వినబడింది.

"మేడమ్, ఆగండి. ఓ మేడమ్."

ఆవిడ ఆగలేదు. నలుగురూ పరిగెత్తి చిట్టచివరి స్వరం దగ్గర ఆవిడను అందుకున్నారు. అయిదూ ఒక్కసారే పడ్డాయి.

చప్పట్ల సంగతి చెప్పక్కర్లేదు. తెర వెనక గదిలో అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే దీవెన తల్లి చెయ్యి పట్టుకుని గాజు బ్యాటరీ చూసింది. నిండుగా ఉంది. గాజు గుర్తుంచుకున్నది ఫోనులోకి తీసుకుని చివరి రెండు పేజీలూ వెతికింది. ప్రతి స్వరం దగ్గరా గాజు తట్టు ఇవ్వడానికి సిద్ధమైంది. ప్రతిసారీ అది సిద్ధమయ్యేసరికి వేలు వెళ్లిపోయి ఉంది. ఒక్క తట్టు కూడా ఇవ్వలేకపోయింది.

"అమ్మా," అంది. "గాజు కూడా వెనకబడిపోయిందే. చివర్లో వాయించింది నువ్వే. నువ్వొక్కదానివే."

హెప్సిబా గారు చెయ్యి ఎత్తి దీపం వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. చిటికెన వేలు ఇంకా కొంచెం వంగే ఉంది. దాన్ని చూసి ఆవిడ ఏమీ అనుకున్నట్టు లేదు.

"పాపం, మర్యాదస్తురాలు," అంటూ గాజు తీసి కూతురి అరచేతిలో పెట్టారు. అది ఇంకా వెచ్చగా ఉంది. "శ్రీకాకుళం ఎప్పుడు వెళ్తున్నావ్?"

"నీకెవరు చెప్పారు?"

"మీ భుజంగరావు గారు ముందు వరుసలో మీ నాన్న పక్కనే కూర్చున్నారు. ఆయన మెల్లగా మాట్లాడలేరు."

"నీ వేలు ఇంకా పూర్తిగా..."

"నా వేలి సంగతి నేను చూసుకుంటాను. దానికి కోపం వస్తే పక్కవేలుంది. అక్కడ గ్లాసెడు టీ కోసం చెయ్యి రానివాళ్లున్నారట. నాకోసం నువ్వు ఆగితే, నిన్ను చూసి నేను ఆగుతాను. తెలిసిందేగా ఆ కథ."

దీవెన తల్లి భుజం మీద తల పెట్టింది.

ఆ పై శనివారం ఆమె బట్టల సంచి, అట్టపెట్టెలో గాజు సర్దుకుని గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటోంది. ముందుగదిలో సాధన జరుగుతోంది. పేజీలు తిప్పేవాళ్లు లేరు. హెప్సిబా గారే ఎడంచేత్తో చటుక్కున తిప్పుకుంటున్నారు. ఆనందపాల్ గారు ప్లేటుతో వంటింట్లోంచి వచ్చారు. మొహం మాడిపోయి ఉంది.

"చూడవే ఈ ఘోరం. తీరం మొదలవగానే పెట్టాను, అవగానే దించాను. మధ్యలో పిండి పిండిగా ఉంది. ఉడకలేదు."

దీవెన ఒకటి తుంచి చూసింది. నిజమే, లోపల పచ్చిపిండి. గదిలో 'పరుగు' అప్పుడే సగం దాటిపోయింది. ఆమె తండ్రి మొహం చూసి, ఆ పాట విని, నవ్వాపుకోలేక గుమ్మానికి చేరగిలబడింది.

"నవ్వుతావేంటి? ఇంకో వాయి పెడతాను, తిని వెళ్దువుగాని. కాస్త ఆగు."

దీవెన ఆ పచ్చి ఇడ్లీనే నోట్లో వేసుకుని సంచి భుజాన తగిలించుకుంది.

"ఆగను నాన్నా," అని మెట్లు దిగింది.